సౌదీకి వెళ్లే మన కుర్రాళ్ల సంగతేంటి?

సంపాదకులకు నమస్కారం.

2034 ఫుట్‌బాల్ వరల్డ్ కప్‌ను ఫిఫా 2024 డిసెంబరులో సౌదీకి ఇచ్చింది. స్టేడియాల పనులున్నాయంటూ మా కవిటి వైపు వెల్డర్లకు, రాడ్ బెండర్లకు ఏజెంట్ల ఫోన్లు మొదలయ్యాయి. నాకు మాత్రం టెన్షన్‌గా ఉంది.

2022 పోటీలకు ముందు మా బావ ఖతార్‌లో సైటు పనికి వెళ్లాడు. ఓ రాత్రి పడుకున్నవాడు మరి లేవలేదు. పెట్టెతోపాటు వచ్చిన కాగితంలో సహజ మరణమని రాసుంది. పోస్టుమార్టం చేయలేదు. నిండా నలభై ఏళ్లు లేని మనిషి! గల్ఫ్‌లాంటి చోట్లకు పనికి వెళ్లేవాళ్ల కోసం కేంద్రం పెట్టిన ప్రవాసీ భారతీయ బీమా యోజన కింద వచ్చే రూ.10 లక్షలు ప్రమాదంలో పోతేనే ఇస్తారట. మా అక్కకు పైసా రాలేదు.

అసలే మాది ఉద్దానం, కిడ్నీ జబ్బుల నేల. మండుటెండలో నీళ్లు చాలక పనిచేస్తే కిడ్నీలు దెబ్బతింటాయని డాక్టర్లే చెబుతున్నారు. గల్ఫ్ వెళ్లేవాళ్లకు వెళ్లేముందు, సెలవుకు వచ్చినప్పుడు కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ రక్తపరీక్ష ప్రభుత్వాసుపత్రిలో ఉచితంగా చేయాలి. పని వీసా లేకుండా విజిట్ వీసాలతో పనికి పంపే ఏజెంట్లను ఇచ్ఛాపురం, పలాసల్లోనే పట్టుకోవాలి. అక్కడ ఎవరు చనిపోయినా పోస్టుమార్టం కోసం మన రాయబార కార్యాలయం పట్టుబట్టాలి. ఆ బీమా సహజ మరణానికీ వర్తించేలా కేంద్రం మార్చాలి.

– ఒక పాఠకుడు, కవిటి, శ్రీకాకుళం జిల్లా