మన పియానో గురించి, ఆ ‘ఎ’ మెట్టు గురించి

నమస్కారం. రెండు నెలలుగా క్లాసులు ఎందుకంత గందరగోళంగా నడిచాయో మీకెవరికీ సరిగ్గా చెప్పలేదు. అడిగిన వాళ్లకి ‘చిన్న రిపేరండీ’ అని దాటేశాను. అది చిన్నది కాదు. మన పాత అప్‌రైట్ పియానో ఇక పాఠాలకు పనికిరాదు. వచ్చే వారం నుంచి అందరికీ డిజిటల్ పియానో మీదే క్లాసు.

ఇది చదివి మీలో కొందరు నవ్వుకుంటారు, నాకు తెలుసు. ఇరవై రెండేళ్లుగా పెద వాల్తేరులో ఈ హాల్లోనే కూర్చుని, చేర్పించడానికి వచ్చిన ప్రతి ఒక్కరికీ ‘కీబోర్డు కొనకండి, అది బొమ్మ’ అని చెప్పినదాన్ని నేనే. ఆ మాట వెనక్కి తీసుకోవడం లేదు. 61 మెట్ల, అంటే వేళ్లతో నొక్కే కీల, తేలికపాటి కీబోర్డు ఇప్పటికీ బొమ్మే. ఇప్పుడు నేను కొన్నదానికి 88 మెట్లున్నాయి, వేలు పెడితే బరువు తెలుస్తుంది, పెడల్ ఉంది. అయినా అది పియానో కాదు. ఈ రెండు మాటలూ కలిపే చెబుతున్నాను, ఏం చేయమంటారు.

జరిగింది ఇది. మన పియానో ట్యూనింగ్‌కి ఏటా రెండుసార్లు చెన్నై నుంచి ఒక పెద్దాయన వచ్చేవారు. మోకాళ్ల నొప్పులతో ఈ ఏడాది ప్రయాణాలు మానేశారు. జులైలో వానలు మొదలవగానే మెట్లు బిగుసుకుపోయాయి. నొక్కిన మెట్టు పైకి లేవదు. విశాఖలో ఇది కొత్తేం కాదు. ప్రతి మెట్టు వెనకా చిన్న చిన్న కీళ్లుంటాయి, వాటిలో ఉన్ని గుడ్డ ఉంటుంది. సముద్రపు గాలి తేమకి అది ఉబ్బి లోపలి పిన్నుని పట్టేస్తుంది. దాన్ని ఒక్కొక్కటిగా విప్పి సరిచేయాలి. ఓపిక ఉన్నవాళ్లు చేసే పని.

నేను ఓపిక లేనివాణ్ణి పిలిచాను. పేరు రాయను. తెలిసినవాళ్లు చెప్పారు, పెద్దాయన తీసుకునేదాంట్లో సగమే అడిగాడు, మర్నాడే వస్తానన్నాడు. వచ్చి పై మూత తీసి, సంచిలోంచి ఒక స్ప్రే డబ్బా తీశాడు. తలుపు కీళ్లకి కొట్టే నూనె స్ప్రే. కీళ్లన్నిటికీ కొట్టాడు. ‘పైన పిన్నులకి కూడా తుప్పు కనిపిస్తోంది మేడం’ అంటూ అక్కడా కొట్టాడు. నేను వంటింట్లో లేను. పక్కనే నిలబడి ఉన్నాను. ఏదో తేడాగా అనిపించింది, అయినా ‘పనివాడికి పని నేర్పడం ఎందుకులే’ అని ఊరుకున్నాను. గంటలో మెట్లన్నీ వెన్నలా లేచాయి. కాఫీ ఇచ్చి పంపాను.

ఆ నూనె ఏం చేసిందో చెప్పాలి, ఎందుకంటే ‘ట్యూనింగ్ చేయిస్తే పోలా’ అని చాలామంది అడిగారు. వీణకి బిరడాలున్నట్టే పియానో తీగలకి ట్యూనింగ్ పిన్నులుంటాయి. మొత్తం 200 పైచిలుకు తీగలు. అన్నీ కలిపి లాగే లాగుడు 15, 20 టన్నుల దాకా ఉంటుంది. ఆ లాగుడుని ఆపేది ఇనుప చట్రం ఒకటి, పిన్నులు దిగి ఉన్న చెక్క దిమ్మ ఒకటి. పిన్ను తిరగకుండా ఉండేది చెక్క పట్టు వల్లే. అక్కడ జిగురు గానీ, ఇంకో బిగింపు గానీ ఏమీ ఉండదు. ఆ పట్టులోకే నూనె దింపాడు. ఇప్పుడు ఎవరు ట్యూన్ చేసినా వారానికే జారిపోతుంది. ఒక్కో స్వరానికి మూడేసి తీగలున్న చోట మూడూ మూడు దారులు పట్టి, గొంతు పట్టేసినవాడి పాటలా వణుకుతుంది.

నాకు సిగ్గుగా ఉన్న విషయం ఇది కాదు. ఆగస్టులో మన నాలుగో తరగతి బాబు ఒకడు వాయిస్తూ వాయిస్తూ ఆగి, ‘మిస్, ఈ ‘ఎ’ స్వరం మా ఇంట్లో కీబోర్డు ‘ఎ’ లాగా లేదు’ అన్నాడు. ‘మీ ఇంట్లోది బొమ్మ, ఇది పియానో, ఏది కరెక్టో నాకు చెప్పకు’ అన్నాను. పక్కన ఇద్దరు పిల్లలు నవ్వారు. వాడు ఇంకేం మాట్లాడలేదు. వానాకాలంలో తేమకి పియానో శ్రుతి కాస్త పైకి పోవాలి గానీ కిందికి దిగకూడదు. ఆ మాత్రం తెలిసినదాన్ని అప్పుడే అనుమానించాలి. పదిరోజుల తర్వాత ఫోన్లో శ్రుతి కొలిచే ట్యూనర్ యాప్ పెట్టి చూశాను. ఆ ‘ఎ’కి సెకనుకి 440 కంపనాలు చూపించాల్సిన చోట 428. సెమిటోన్‌లో, అంటే పక్కపక్క మెట్ల మధ్య ఉండే తేడాలో, దాదాపు సగం దిగిపోయింది. వాడి బొమ్మ కరెక్టు, నా పియానో తప్పు. ఆ బాబుకి క్లాసులో అందరి ముందే సారీ చెప్పాను. వాళ్లమ్మగారికి కూడా ఇక్కడే చెబుతున్నాను. మీవాడి చెవి బంగారం.

సెప్టెంబరులో పెద్దాయన తన శిష్యుణ్ణి రైలెక్కించి పంపారు. అతను రెండు గంటలు చూసి, పిన్నులన్నీ తీసి లావువి వేసినా నూనె తాగిన చెక్క పట్టదని, దిమ్మ మొత్తం మార్చాలని చెప్పాడు. ఆ ఖర్చుకి ఇంకో పాత పియానో వస్తుంది. మూడు వారాలు నిద్ర పట్టలేదు. ఒక కాఫీ షాపు వాళ్లు అలంకారానికి కావాలని వచ్చారు. మంచి ధరే చెప్పారు. మీద పూలకుండీ పెడతారట! తలుపు దాకా సాగనంపి వచ్చాను. 2014లో హుద్‌హుద్ వచ్చిన రోజు కిటికీ అద్దాలు పగిలి హాల్లోకి నీళ్లు కొడుతుంటే పరుపులు కప్పి, వాటి మీద నేను ఆనుకుని నిలబడి కాపాడిన పియానో ఇది. అంత తుఫాను చేయలేనిది ఒక స్ప్రే డబ్బా చేసింది. అమ్మను. ఇంట్లోనే ఉంటుంది. డబ్బు కూడినప్పుడు దిమ్మ మార్పిస్తాను, ఎన్నేళ్లు పట్టినా సరే.

స్ప్రే కొట్టిన ఆ మనిషికి ఫోన్ చేశాను. ‘పాత పియానో కదా మేడం, దాని టైం అయిపోయింది’ అన్నాడు. తర్వాత ఎత్తడం మానేశాడు. పోనీ.

ఇక మీకు కావాల్సిన విషయాలు. ఫీజు పెంచను. డిజిటల్ పియానో ఖర్చు నాది, దాని గురించి ఎవరూ మొహమాటపడి ఎక్కువ ఇవ్వొద్దు, ఇస్తే తిప్పి పంపుతాను. ఆగస్టు, సెప్టెంబరుల్లో పాడైన క్లాసులకి బదులు తలా నాలుగు క్లాసులు చెబుతాను. గ్రేడ్ పరీక్షకి కట్టిన ముగ్గురూ కంగారు పడొద్దు. మీది నాలుగు పీసులు ఆపకుండా వాయించి వీడియో పంపే పరీక్షే. రికార్డింగ్‌కి తెలిసినవాళ్లింట్లో మంచి పియానో అడిగి ఒప్పించాను. ముందు రెండు ఆదివారాలు అక్కడే ప్రాక్టీసు. మెట్ల బరువు ఒక్కో పియానోకి ఒక్కోలా ఉంటుంది, వేళ్లకి అలవాటు కావాలి.

ఇద్దరు పిల్లలు మధ్యలో మానేశారు. తప్పు పట్టను. కానీ ఒక్క మాట చెప్పి మానేసి ఉంటే బాగుండేది. పాడైన పియానో మీద పాఠం చెబుతున్నానని నా మొహం మీదే అని ఉంటే ఇంకా బాగుండేది, ఆ పది రోజులు కలిసొచ్చేవి.

ఇంకొకటి మర్చిపోయాను. కొత్తదానికి కరెంటు కావాలి. ఇన్నేళ్లలో నేనెప్పుడూ ఆలోచించాల్సిన అవసరం రాని విషయం. వచ్చే శనివారం మధ్యాహ్నం మా వీధిలో కరెంటు తీసేస్తారట. శనివారం బ్యాచ్ వాళ్లు ఆదివారం ఉదయం పదింటికి రండి.