ఊరకుక్కకి కాగితం ఎందుకంటే

సంపాదకులు గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ జిల్లా పేజీలో ఒక పాఠకుడి ఉత్తరం వేశారు. జొనంగి కుక్కలు పెంచుకునేవాళ్ళం కొందరం కలిసి సంఘం పెట్టుకుని, కుక్కల జాతీ వంశం నమోదు చేసే కెన్నెల్ క్లబ్ పుస్తకంలో మా కుక్కల్ని ఎక్కించాలని తిరుగుతున్నాం కదా, దాని మీద. "మనుషులకే రేషన్ కార్డు కోసం సచివాలయం చుట్టూ తిరగాల్సొస్తుంటే ఊరకుక్కలకి సర్టిఫికెట్లేటి బాబూ" అని ఆయన వెటకారం. చదివి మేమూ నవ్వుకున్నాం, అబద్ధమెందుకు. కాకపోతే కాగితం లేకపోతే కుక్కకి వచ్చే నష్టమేంటని కూడా అడిగారు, దానికి జవాబు చెప్పాలి. నష్టం ఉంది. కాగితం తప్పుగా తెచ్చుకుంటే ఇంకో రకం నష్టం కూడా ఉంది, ఆ రెండో సంగతి ఆయనకంటే మా సంఘం వాళ్ళకే ఎక్కువ చెప్పాలి. అందుకని ఉత్తరం కాస్త పొడుగైంది, కత్తిరించకుండా వేయండి.

జొనంగి అంటే కొల్లేరు వైపు వాళ్ళకి పరిచయం అక్కర్లేదు. కొల్లేటి జాగిలం అని కూడా అంటారు, అక్కడ బాతుల మందల్ని తోలడానికి వాడేవారు. ఒకప్పుడు తూర్పు తీరం పొడుగునా ఉండేదని చెప్తారు, మా శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో సముద్రం వారనున్న ఊళ్ళలో ఆ పోలిక కుక్కలు ఇప్పటికీ కనబడతాయి. ఉందా లేదా అన్నంత పొట్టి వెంట్రుక, సన్నటి కాళ్ళు, సొసైటీ అప్పు గడువు దాటిపోయిన రైతుకి ఉన్నట్టు నుదుటి మీద ముడతలు. ఎండాకాలం మిట్టమధ్యాహ్నం జీడితోటలోకి వెళ్తే కుక్క కనబడదు. చెట్టు మొదట్లో ఇసకలో అది తవ్వుకున్న గొయ్యి కనబడుతుంది, గొయ్యి అంచున రెండు చెవులు కనబడతాయి. కొత్తమనిషి అడుగు పడితే మిగతా కుక్కల్లా మొరగడం చాలా తక్కువ, మెడ పైకెత్తి గొంతులోంచి సాగదీసి ఒక కూత తీస్తుంది, మొదటిసారి విన్నవాళ్ళు అది కుక్క గొంతంటే నమ్మరు. మందస, వజ్రపుకొత్తూరు తోటల్లో ఎలుగుబంట్ల బెడద ఎలాంటిదో మీ పత్రికే ఎన్నోసార్లు రాసింది. జీడిపిక్కలు ఏరే రోజుల్లో తెల్లారగట్ల తోటకి పోయే మనుషులు ముందు కుక్కని వదిలి, అది తిరిగొచ్చాకే అడుగు వేస్తారు.

ఇలాంటి కుక్కకి కాగితం ఎందుకంటే, 2023లో వచ్చిన జంతు జనన నియంత్రణ నిబంధనల ప్రకారం ఎవరూ నాదని చెప్పుకోని కుక్క వీధికుక్క లెక్కలోకి పోతుంది. దాన్ని పట్టుకెళ్ళి, ఆపరేషన్ చేసి, రేబీస్ టీకా వేసి, పట్టిన చోటే వదలాలి. మంచి పని, జరగాల్సిందే, దాని మీద మాకు ఏ గొడవా లేదు. కానీ మా కుక్కల మెడలో పట్టీ ఉండదు, తోటకి గేటు ఉండదు, పగలంతా వాటి ఇష్టం. బండి వేసుకుని పట్టడానికి వచ్చినవాళ్ళు లాబ్రడార్ కనబడితే ఓనరెవరని నాలుగిళ్ళు అడుగుతారు, జొనంగి కనబడితే వల వేస్తారు. ఒక మంచి ఆడకుక్కకి ఆపరేషన్ అయిపోతే ఆ వంశం అక్కడితో సరి.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను మా జీడి, కొబ్బరి తోటల్ని నేలమట్టం చేశాక ఎన్ని కుటుంబాలు ఊరొదిలి వలస పోయాయో మీకు తెలుసు. వాళ్ళతో కుక్కలు రైలెక్కలేదు. తోటే లేనప్పుడు కాపలా ఏముంటుంది, మిగిలినవి రోడ్డు మీదికొచ్చి దేనితో పడితే దానితో కలిశాయి. ఇప్పుడు వాట్సాప్ స్టేటస్‌ల్లో "ఒరిజినల్ జొనంగి పిల్లలు" అని అమ్ముతున్నవి చూడండి, డాబర్మాన్ ఎత్తో గ్రేహౌండ్ మూతో తెలిసిపోతూనే ఉంటుంది. తండ్రి కుక్క ఎవరిదని అడిగితే "మా బావోళ్ళది" అంటారు, ఆ బావగారిది ఏ ఊరని అడిగితే ఫోన్ కట్.

ఇంతవరకు ఆ పాఠకుడికి. ఇక మావాళ్ళకి.

మా సంఘంలో చాలామందికి రెండు వేర్వేరు గుర్తింపులు కలగాపులగం అయిపోయాయి. ఒకటి ప్రభుత్వానిది. హర్యానాలోని కర్నాల్‌లో జాతీయ పశు జన్యు వనరుల సంస్థ ఉంది, ఆవులూ గేదెలూ గొర్రెలూ కోళ్ళలో దేశీ జాతుల్ని నమోదు చేసేది అదే. కుక్కల్ని మొట్టమొదటిసారి 2020లో చేర్చుకుంది. రాజపాళయం, చిప్పిపరై, ముధోల్. రెండు తమిళనాడువి, ఒకటి కర్ణాటకది. ఆ మొదటి జాబితాలో జొనంగీ లేదు, కర్నూలు జిల్లా పందికోన కుక్కా లేదు. రెండోది చెన్నైలోని కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా. అది ప్రభుత్వ ఆఫీసు కాదు, పెంపకందార్ల సంస్థ, అక్కడ నమోదయ్యేది మీ ఇంట్లో ఉన్న ఫలానా కుక్క, దాని తల్లి, దాని తండ్రి, వాటి పైవాళ్ళు. మొదటిది జాతి ఉందని చెప్తుంది, రెండోది ఈ కుక్క ఆ జాతిదేనని చెప్తుంది. మొదటిది లేకుండా రెండోదాని వెంట పడటం నా లెక్కన డబ్బు దండగ.

2020 ఆగస్టులో ప్రధాని మన్ కీ బాత్‌లో ముధోల్, రాజపాళయం, కన్ని, చిప్పిపరై, కొంబై పేర్లు చెప్తే మావాళ్ళు ఆ ముక్క కత్తిరించి గ్రూపుల్లో తెగ తిప్పారు. ముధోల్ అక్కడిదాకా ఊరికే పోలేదండీ. బాగల్‌కోట్ జిల్లా తిమ్మాపూర్‌లో ఆ కుక్క కోసమే పశువైద్య విశ్వవిద్యాలయం వాళ్ళ కేంద్రం ఒకటి ఉంది. 2005లో తపాలా శాఖ స్టాంపు వేసింది, 2016లో సైన్యం కొన్ని పిల్లల్ని మీరట్ తీసుకెళ్ళి శిక్షణ ఇచ్చింది. దాని వెనకాల కూర్చుని ఏళ్ళ తరబడి రాసుకున్నవాళ్ళు ఉన్నారు, మన దగ్గర రాసేవాడే లేడు.

రాయడమంటే ఎలా ఉంటుందో చెప్తాను. నోటుబుక్కు పట్టుకుని ఒక ఇంటికి వెళ్తాం. భుజం దగ్గర ఎత్తు కొలుద్దామని టేపు తీయగానే కుక్క వెనక్కి తగ్గుతుంది, ఓనరు ముందుకొస్తాడు, "ఇరవై రెండు అంగుళాలు, రాసెయ్యండి మాస్టారూ" అంటాడు. ఇద్దరు పట్టుకుని కొలిస్తే పంతొమ్మిది. ఆయన ముఖం మాడ్చుకుంటాడు, టీ ఇవ్వడం మర్చిపోతాడు. తర్వాత తండ్రి పేరు అనే గడి దగ్గరికి వచ్చేసరికి అసలు కథ మొదలు. తెలీదంటే పరువు పోతుందని పక్కవీధి కుక్క పేరు చెప్తారు. అక్కడ "తెలీదు" అని రాసిన బుక్కే రేపు పనికొస్తుంది, అన్ని గడులూ అందంగా నిండిన బుక్కు చూస్తే నాకు టెన్షన్.

అమెరికన్ కెన్నెల్ క్లబ్ కొత్త జాతుల కోసం ఫౌండేషన్ స్టాక్ సర్వీస్ అని వేరే పుస్తకం తెరిచి పెట్టింది. అందులో ఎక్కి ఏళ్ళు గడిచాక పూర్తి గుర్తింపు కావాలంటే మూడు తరాల వివరాలున్న కుక్కలు 300 నుంచి 400 వరకు చూపించాలి, 20 రాష్ట్రాలకి తక్కువ కాకుండా విస్తరించి ఉండాలి, క్లబ్బులో సుమారు 100 కుటుంబాలుండాలి. డబ్బూ ఓపికా ఉన్న దేశంలో పెట్టుకున్న లెక్క ఇది. కెన్నెల్ క్లబ్బుల అంతర్జాతీయ సమాఖ్య ఎఫ్‌సీఐ (టెక్కలి వాళ్ళు ధాన్యం గోడౌననుకోకండి, ఇది బెల్జియంలోది) ఇంకో మెలిక పెట్టింది. మూడు తరాల దాకా ఒకదానితో ఒకటికి చుట్టరికం లేని ఎనిమిది వంశాలు కావాలి, ఒక్కో వంశంలో కనీసం 2 మగవి, 6 ఆడవి ఉండాలి. మేనరికాలకి అలవాటుపడ్డ మన బుర్రలకి ఇది ఎక్కడం కష్టమే గానీ, మొత్తం వ్యవహారంలో అసలు విషయం ఇదే.

ఎందుకంటారా, బసెంజీ అని ఆఫ్రికా కాంగో వైపు కుక్క ఒకటుంది. అదీ మన జొనంగిలాగే మొరగడం తక్కువ, కూత ఎక్కువ. పాశ్చాత్య దేశాలకి వెళ్ళిన కొద్దిపాటి కుక్కలతోనే పుస్తకం రాసి, బయటి కుక్కల్ని ఎక్కించకుండా తలుపు మూసేశారు. తరాలు గడిచేసరికి ఫాంకోనీ అనే కిడ్నీ జబ్బు ఆ జాతిలో పాతుకుపోయింది. కిడ్నీ జబ్బంటే ఏంటో ఉద్దానం వాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. చివరికి 1990లో మూసిన పుస్తకాన్ని మళ్ళీ తెరిచి ఆఫ్రికా నుంచి తెచ్చిన కొత్త కుక్కల్ని ఎక్కించుకోవాల్సి వచ్చింది. వాళ్ళకి వెనక్కి వెళ్ళి తెచ్చుకోవడానికి ఆఫ్రికా ఉంది. మనం పాడుచేసుకుంటే మనమెక్కడికి వెళ్తాం?

మా సంఘంలో ఇప్పుడు నడుస్తున్న గొడవ కూడా ఇక్కడే ఉంది. ఒకరి దగ్గర చూడముచ్చటైన మగకుక్క ఉంది, ఎవరికి ఆడకుక్క ఎదకొచ్చినా క్రాసింగ్‌కి దాని దగ్గరికే పరుగు. శ్రీకాకుళంలో డాగ్ షో పెట్టి దానికి కప్పు కూడా ఇచ్చేస్తే ఇక జిల్లా మొత్తానికి తండ్రి అదే అవుతుంది. రెండేళ్ళలో అన్నీ ఒకే పోలికలో కనబడతాయి, ఫోటోకి బాగుంటుంది, ఎనిమిది వంశాలు కాస్తా ఒకటవుతుంది. ఇంకొందరు ఇటుక రంగు ఒక్కటే అసలు జొనంగి అంటున్నారు, నల్లవాటినీ మచ్చలున్నవాటినీ పుస్తకంలో ఎక్కించొద్దంట. ఉన్నవే కొన్ని, అందులో రంగు చూసి సగం తీసేస్తారా? ఒళ్ళంతా తెలుపు, గులాబీ ముక్కు ఉండాలని పట్టుబట్టి పెంచుకున్న రాజపాళయంలో పుట్టు చెవుడు సమస్య ఉంది, కావాలంటే ఆ కుక్కలు పెంచేవాళ్ళనే అడగండి. ఎండకి తట్టుకునే ఒళ్ళు, గొయ్యి తవ్వుకునే తెలివి, తోటలో మనిషిని వదలని బుద్ధి, ఇవి చూడమని అంటాను నేను. కప్పు కోసం చూసేవాళ్ళకి నా మాట చేదుగానే ఉంటుంది.

ఇంకో రెండు సంగతులు చెప్పేస్తే నా బరువు దిగుతుంది. కుక్కపిల్లల్ని అమ్ముకునేవాళ్ళకి 2017లోనే కేంద్రం నిబంధనలు తెచ్చింది. రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డులో పేరు నమోదు చేసుకోవాలి, ఎనిమిది వారాలు నిండని పిల్లని అమ్మకూడదు, పద్దెనిమిది నెలలు నిండని ఆడకుక్కకి క్రాసింగ్ చేయించకూడదు. మనలో ఎంతమంది పాటిస్తున్నారో మనకి తెలుసు. అలాగే మా గ్రూపులో కుర్రాళ్ళు కుందేలుని పట్టిన వీడియోలు పెట్టి వేళ్ళు ఎత్తి చూపిస్తున్నారు, అడవి కుందేలుని వేటాడటం 1972 వన్యప్రాణి చట్టం కింద నేరం నాయనా, అది వేట కుక్క అని నిరూపించబోయి నువ్వు కోర్టుకెక్కుతావు. గుర్తింపు అడిగే సంఘం గోడ మీద ఇలాంటివి ఉంటే ఏ అధికారి అయినా ఫైలు పక్కన పెడతాడు.

మరి ఏం చేద్దామంటే, విజయనగరం జిల్లా గరివిడిలో పశువైద్య కళాశాల ఉంది. అక్కడి అధ్యాపకులు, విద్యార్థులు తలచుకుంటే కొలతలు, ఫోటోలు, రక్త నమూనాలు పద్ధతిగా తీయగలరు, మా టేపు లెక్కల మీద ఎవరికీ నమ్మకం ఉండక్కర్లేదు. కర్నాల్ దరఖాస్తు కూడా పశుసంవర్ధక శాఖ, విశ్వవిద్యాలయం చేతుల మీదుగా వెళ్తేనే దానికి బరువు. కొల్లేరు వైపు పెంపకందార్లని కూడా కలుపుకోవాలి, అక్కడి కుక్క ఇక్కడి కుక్క ఒకటేనా, రెండు వంశాలా అన్నది తేల్చాల్సింది వాదనతో కాదు. కెన్నెల్ క్లబ్ మైక్రోచిప్ లేనిదే నమోదు చెయ్యదు, బియ్యపు గింజంత ఉంటుంది, మెడ వెనక చర్మం కింద వేస్తారు, పదిహేను అంకెల నంబరు. ఆ చిప్పులు ఇప్పుడే మొదలుపెడితే బావగారి కుక్క కథలు కూడా తగ్గుతాయి.

బొబ్బిలి వీణకి భౌగోళిక గుర్తింపు అడిగినప్పుడు పనసకర్రకి సర్టిఫికెట్టా అని ఎవరూ అనలేదు. ఒంగోలు పశువులు బ్రెజిల్ వెళ్ళి నెల్లూరు పేరు మీద అక్కడ పెద్ద జాతి అయి కూర్చున్నాయి, వంశావళి పుస్తకాలు రాసుకుంది వాళ్ళు, గొప్పలు చెప్పుకుంటున్నది మనం.

మీ పత్రికకి ఒక విన్నపం. ఏటా జూలై 6న ప్రపంచ జునోసిస్ (జంతువుల నుంచి మనుషులకి సోకే జబ్బులు) దినం సందర్భంగా పశువుల ఆసుపత్రుల్లో కుక్కలకి ఉచితంగా రేబీస్ టీకాలు వేస్తారు, ఊళ్ళలో కుక్కలు ఒక చోటికి వచ్చే రోజు అదొక్కటే. డాక్టర్లు ఒప్పుకుంటే ఆ రోజు పలాస, సోంపేట, టెక్కలి ఆసుపత్రుల్లో మా సంఘం ఒక బల్ల వేసుకుని కూర్చుంటుంది. టీకాల వార్త మీరు ఎలాగూ వేస్తారు, దాని కింద రెండు లైన్లు చేర్చండి: జొనంగి ఉన్నవాళ్ళు ఏ రంగుదైనా తీసుకురావాలి, తల్లి, తండ్రి వివరాలు తెలిస్తే చెప్పాలి, తెలియకపోతే తెలియదనే చెప్పాలి, ఎత్తు మేమే కొలుస్తాం.

ఇట్లు,
ఒక జొనంగి పెంపకందారు,
వజ్రపుకొత్తూరు మండలం, శ్రీకాకుళం జిల్లా