సమ్మతి పత్రం చదివి వినిపించిన అమ్మా, మీకు కృతజ్ఞతలు

భుజం కీలు అరిగిపోయి తల దువ్వుకోవడానికైనా చెయ్యి లేవని మా అమ్మగారు హైదరాబాదులో, మందు ఎలా పనిచేస్తుందో మనుషుల మీద పరీక్షించి చూసే ఒక క్లినికల్ ట్రయల్‌లో చేరడానికి వెళ్లిన రోజున, పక్క కుర్చీలో ఉన్న మీరు సమ్మతి పత్రాన్ని వరుస వరుసకూ వేలు పెట్టి చదివి వినిపించారు. అసలు మందు వస్తుందో, మందు లేని ఇంజెక్షన్ వస్తుందో చీటీ తీసినట్టే తేలుతుందనీ, అది డాక్టరుకూ తెలియకపోవచ్చనీ, 2019 నాటి నియమాల ప్రకారం ట్రయల్ వల్ల హాని జరిగితే ఉచితంగా వైద్యం చేయించాల్సిందేననీ విడమరిచారు. ఎప్పుడైనా మానుకోవచ్చన్న మాటే అమ్మకు అన్నిటికన్నా ధైర్యమిచ్చింది. ఆ తర్వాతే ఆమె ఇష్టపూర్వకంగా సంతకం చేశారు. ఇంత ఓపికగా చెప్పేవారు ప్రతి ట్రయల్ దగ్గరా ఉండాలి. పిలుపు రాగానే మీరు లోపలికి వెళ్లిపోయారు గనుక పేరు తెలియదు. మా కుటుంబమంతటి నమస్కారాలు స్వీకరించండి.