ఉద్దానంలో ప్రతి కిడ్నీ జబ్బూ నీళ్ల వల్లేనా?

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం కిడ్నీ జబ్బుల మీద ఏ వార్త రాసినా నీళ్ల దగ్గరే ఆగిపోతోంది, వంశంలో వచ్చే పాలిసిస్టిక్ కిడ్నీ జబ్బు, అంటే కిడ్నీల్లో నీటి తిత్తులు కట్టే జబ్బు గురించి ఒక్క ముక్క ఉండట్లేదు. ఉద్దానం జబ్బుకి అసలు కారణం ఇంకా తేలలేదు, ఆ పరిశోధన జరగాల్సిందే, కానీ ఈ తిత్తుల జబ్బు వేరే. కిడ్నీ గొట్టాల్లో కణాలకి ప్రైమరీ సిలియం అని యాంటెనా లాంటిది ఒకటుంటది, దాంట్లో ట్యూబులిన్ ప్రోటీన్‌కి ఎసిటైల్ అనే చిన్న రసాయన గుంపులు అతుక్కునుంటాయి, కణం విభజనకి రెడీ అయ్యేటప్పుడు హెచ్‌డీఏసీ6 ఎంజైమ్ వాటిని పీకేస్తే సిలియం ముడుచుకుపోద్ది, అంటే కణం పెరగాలా ఆగాలా అన్నదాంట్లో సిలియం చెయ్యి కూడా ఉందన్నమాట. ఆ సిలియం మీదుండే పాలిసిస్టిన్ ప్రోటీన్లు జన్యులోపంతో పాడైతే కణాలు అదుపు తప్పి నీటి తిత్తులు కడతాయి. పెద్దవాళ్లలో బయటపడే రకమైతే అమ్మానాన్నల్లో ఒకరికుంటే చాలు ఒక్కో బిడ్డకీ 50 శాతం ఛాన్స్. సోంపేట వైపు స్కాన్ రిపోర్టులో రెండు కిడ్నీల నిండా తిత్తులని స్పష్టంగా రాసున్నా "మా బోరు నీళ్లండి" అనేసి వాటర్ టిన్నులు కొనుక్కుని ఊరుకునేవాళ్లని చూశా, అన్నదమ్ములకి బీపీ కూడా చూపించరు. పలాస కిడ్నీ రీసెర్చ్ సెంటర్‌లో తిత్తులు కనపడ్డ ప్రతి పేషెంటు రక్తసంబంధీకుల్నీ పిలిచి అల్ట్రాసౌండ్, బీపీ ఫ్రీగా చెయ్యాలి, ఆ పిలిచే పని ఆశా వర్కర్లకి అప్పజెప్పాలి.