అయ్యగారి జ్ఞాపకార్థ కూడిక: ఫొటోలు, సాక్ష్యాలు, దరఖాస్తుల బల్ల

అందరికీ వందనాలు. వచ్చే ఆదివారం ఆరాధన అయినంక పరకాల చర్చిల మన అయ్యగారి (పాస్టరు గారి) జ్ఞాపకార్థ కూడిక. ఫొటోలు శుక్రవారం లోపు పంపండి, శనివారం హన్మకొండల ఫ్లెక్సీకి ఇయ్యాలె.

వాట్సాప్‌ల మామూలుగా పంపితే ఫొటో సైజు తగ్గిపోతది, ఆరడుగుల ఫ్లెక్సీ మీద మొహం మసకైతది. డాక్యుమెంట్‌గా పంపండి. ఆల్బమ్‌కు అంటుకున్న పాత ఫొటోలు పీకొద్దు, పైపొర ఊడొస్తది. కిటికీ పక్కన నీడల పెట్టి, ఫ్లాష్ లేకుండ పైనుంచి తీయండి.

సాక్ష్యం 3 నిమిషాలు. "మంచి మనిషి" అని ఊకోవద్దు. అయ్యగారు ఎవరి పింఛను కోసం, ఏ బోరు కోసం, ఏ ఏడు, ఆఫీసుల చుట్టు ఎన్నిసార్లు తిరిగిన్రో చెప్పండి. అమ్మగారు (అయ్యగారి భార్య) ముందు వరుసల కూసుంటరు, ఆమె వినాలనుకునేది అదే.

భోజనం 200 మందికి: బియ్యం 28 కిలోలు, పప్పు 5 కిలోలు, పచ్చిపులుసు.

అయ్యగారి నల్లసంచి, అండ్ల తెల్లకాగితాలు, నలిగిన కార్బన్ పేపర్లు అట్లనే ఉన్నయి. ఆ సంచి పెట్టి వరండాల సమాచార హక్కు దరఖాస్తులు (సర్కారు ఆఫీసుల సమాచారం, కాగితాలు అడిగేటివి) రాసే బల్ల నడుపుతం. ఫీజు గ్రామస్థాయిల లేదు, మండలంల 5 రూపాయలు, ఆపైన 10. దారిద్ర్యరేఖకు దిగువనున్నోళ్లకు ఎక్కడా లేదు, రుజువు జిరాక్స్ జతచేయాలె. "పింఛను ఎందుకు ఇస్తలేరు" అని రాస్తే జవాబు తప్పించుకుంటరు. "నా దరఖాస్తు మీద ఏ తేదీన ఏ చర్య తీసుకున్నరు, ఆ కాగితాల నకళ్లు ఇవ్వండి" అని రాయాలె. రెండో కాపీ మీద ముద్ర, తేదీ లేకుండ ఆఫీసు గడప దాటొద్దు. ఆఫీసు జవాబియ్యాల్సిన 30 రోజుల లెక్క చూపెట్టేది ఆ ముద్రనే. గడువు దాటితే ఇంకో 30 రోజులల్ల పై అధికారికి మొదటి అప్పీలు వేయాలె.