వలల్లో చిక్కి ఎండిపోతున్న హార్స్‌షూ పీతలు

ఒడిశాలోని బాలాసోర్ తీరానికి పౌర్ణమి, అమావాస్య పోట్లకు గుడ్లు పెట్టడానికి వచ్చే హార్స్‌షూ పీతలు (గుర్రపు నాడా ఆకారపు చిప్ప ఉండే సముద్ర జీవులు) వలల్లో చిక్కి, ఒడ్డునే ఎండి చస్తున్నాయి. మగది ఆడదాని వీపును కొక్కేల్లాంటి ముందుకాళ్లతో పట్టుకునే వస్తుంది కాబట్టి పడితే రెండూ పడతాయి. చిప్ప అంచు ముళ్లు, పొడవాటి తోక వల కళ్లలో మెలిపడతాయి. వల చిరిగిపోతుందని జాలర్లు కాలో తోకో విరిచి లాగి ఇసుకలోకి విసిరేస్తారు. తిండికి, అమ్మకానికి పనికిరాని జీవి కోసం వల ఎవరు పాడుచేసుకుంటారు? వెల్లకిలా పడిన పీత తోకను ఇసుకలో గుచ్చి తిరగబడాలి. తోక విరిగితే ఆ దారీ మూసుకుపోతుంది, పుస్తకం పుటల్లా పొరలుగా ఉండే మొప్పలు తడారి ఊపిరి ఆగుతుంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద ఇది రక్షిత జీవి, కానీ ఆ రక్షణ ఒడ్డు దాకా రావడం లేదు. పౌర్ణమికి, అమావాస్యకు ముందు రెండు రోజులు, తర్వాత రెండు రోజులు గుడ్లు పెట్టే చోట్ల ఒడ్డు వెంట వలకట్టు ఆపించి, ఆ రోజులకు జాలర్లకు పరిహారం ఇవ్వాలి. గుడ్లు జానెడు లోతులోపే ఉంటాయి, పిల్లలు రావడానికి నెల దాటుతుంది. అన్నాళ్లూ అక్కడ ఇసుక తవ్వకం, ట్రాక్టర్లు కూడదు. చిక్కిన పీతను తోక పట్టి ఎత్తకూడదు. చిప్పను రెండు పక్కలా పట్టుకొని, కాళ్ల వైపు నుంచి దారం విప్పి, నీటి అంచున బోర్లా వదలాలి. విప్పడం కుదరకపోతే వల కళ్లు నాలుగైదు కోయాలి. కోసిన ఆ వలను తిరిగి అల్లుకోవడానికి నైలాన్ దారం అటవీశాఖే ఇస్తే జాలరి చేయి తోక మీదికి పోదు.