ఆట మధ్యలో ఆగినవారి కథలకూ చోటివ్వండి

సంపాదకులకు నమస్కారం.

ఫుట్‌బాల్ నేపథ్యంగా తెలుగులో నవల రాస్తున్నానని చెప్పినప్పుడల్లా, సాహిత్యం బాగా చదివే మిత్రులు సైతం ఆ ఆటకూ మనకూ సంబంధమేమిటని అడుగుతున్నారు. మీ పత్రిక ద్వారా వారికి జవాబు చెప్పి, మీకొక విన్నపం చేసుకోవాలని ఈ లేఖ రాస్తున్నాను.

1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మన దేశ జట్టును నాలుగో స్థానం దాకా, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణపతకం దాకా నడిపించిన శిక్షకుడు సయ్యద్ అబ్దుల్ రహీం హైదరాబాదువారు. ఆయన తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదేళ్లు బొంబాయిలో జరిగే రోవర్స్ కప్పు ఫుట్‌బాల్ పోటీలో గెలిచింది. జకార్తా ఫైనల్లో దక్షిణ కొరియాను 2-1 గోల్స్‌తో ఓడించేనాటికే క్యాన్సర్ బారిన పడి ఉన్న ఆయన మరుసటి ఏడాదే కన్నుమూశారు. ఆ జట్టులో ఆడిన తులసీదాస్ బలరాం సికింద్రాబాద్ దగ్గరి అమ్ముగూడలో పుట్టినవారు. అనారోగ్యం వల్ల ముప్పై ఏళ్లు నిండకముందే ఆట మానుకోవలసి వచ్చిన ఆయన 2023 వరకు జీవించారు. పతకాల పట్టిక కన్నా, మైదానం వదిలాక ఆయన గడిపిన ఆ ఆరు దశాబ్దాలే నా మనసును ఎక్కువగా పట్టుకున్నాయి.

అంతటివారితో నాకు పోలిక లేదు. 1980లలో చిత్తూరులో చదువుకుంటూ, తోలు బంతిలోని బ్లాడరుకు సైకిల్ పంపుతో గాలి కొట్టుకుని ఆడిన పిల్లల్లో నేనొకణ్ణి. జిల్లా జట్టు సెలక్షన్లకు ముందు ముంగాలి ఎముక విరిగితే, మా నాయన నన్ను పుత్తూరుకు తీసుకెళ్లి కట్టు కట్టించారు. ఆకు పసరు, కోడిగుడ్డు సొన, వెదురు బద్దలతో వేసిన ఆ కట్టు విప్పేసరికి ఎముక చక్కగా అతుక్కుంది. నేను మళ్లీ పరుగెత్తగలిగాను కూడా. అయితే "కాలు నిలబడింది, అదే పదివేలు, ఇంక చదువుకోరా" అన్నారు నాయన. ఆ మాటలో కోపం లేదు, భయమే ఉంది. ఆ భయాన్ని కాదనే ధైర్యం ఆ వయసులో ఎవరికుంటుంది? కాలు విరిగి ఆట పోయుంటే ఎప్పుడో సర్దుకునేవాణ్ణి. కాలు బాగుపడ్డాక పోయింది కాబట్టే ఆ బాధ ఇన్నేళ్లుగా వదలడం లేదు.

నవలకు ఇదే బలం, ఇదే కష్టం. ఇందులో దుర్మార్గుడు లేడు. తండ్రిని కఠినుడిగా చిత్రిస్తే కథ సులువుగా నడుస్తుంది గానీ, ఒక్క జీతంతో ఇల్లు నడుపుతూ, కొడుకు మరోసారి మంచాన పడితే ఎలాగని భయపడ్డ మనిషికి అది అన్యాయం. చివరి అధ్యాయంలో కథానాయకుడి చేత గోలు కొట్టించి చప్పట్లు కొట్టించాలన్న ఆశ కూడా బలమైనదే. ఆ పని చేయకూడదని నిర్ణయించుకున్నాను. జరగని దాన్ని జరిగినట్టు రాసుకుంటే నాకు ఊరట దక్కవచ్చు, కానీ ఆట మధ్యలో ఆగిపోయిన పాఠకుడికి ఆ పుస్తకంలో తన బతుకు కనిపించదు.

రాస్తున్నకొద్దీ మరొక సంగతి ముందుకొచ్చింది. గోలు వెనకకు దొర్లిపోయిన బంతిని తెచ్చి, గట్టిగా తన్ని మాకు అందించే చెల్లెళ్లు ఉండేవారు. వారిని ఆటకు పిలవాలన్న ఆలోచన ఆనాడు ఎవరికీ రాలేదు. నాకు పశ్చాత్తాపపడడానికి కొన్ని సాయంత్రాల ఆటైనా ఉంది, వారికి అదీ లేదు. అందుకే ఇప్పుడు నవలలో సగం చెల్లెలి గొంతుతో నడుస్తోంది. అనంతపురంలో రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు క్రీడాగ్రామంలో ఆడపిల్లలు ఫుట్‌బాల్ నేర్చుకుంటున్న ఈ కాలంలో ఆ గొంతు వినిపించి తీరాలని నా నమ్మకం.

ఇక నా విన్నపం. గెలిచినవారి వివరాలు క్రీడల పేజీలో వస్తూనే ఉన్నాయి. ఆదివారం సంచికలో నెలకొకసారైనా, ఆడి ఆగిపోయినవారి జ్ఞాపకాలకు ఒక పేజీ కేటాయించండి. చిత్తూరు, తిరుపతి, మదనపల్లె ప్రాంతాల పాత ఆటగాళ్లు, డ్రిల్లు మాస్టార్లు ఏ మైదానంలో ఆడారో, బస్సు ఛార్జీలు ఎవరు పెట్టారో, ఎప్పుడు, ఎందుకు మానుకున్నారో రాయమని అడగండి. నాతో ఆడినవారిని కలిసి మాట్లాడితే, ఒకే మ్యాచ్‌ను ఒకరు గెలిచామన్నారు, ఇంకొకరు డ్రా అయిందన్నారు. ఆ తరం వయసు మీద పడుతోంది. కథలు, నవలలు ఎవరు రాసినా రాయకపోయినా, ముందు ఆ జ్ఞాపకాలు వారి మాటల్లోనే అచ్చులోకి రావాలి. మీరు ఆ పేజీ మొదలుపెడితే, మా జట్టు గురించి నాకు తెలిసినదంతా మొదటి వారమే రాసి పంపుతాను.

ఇట్లు,
ఒక పాఠకుడు,
తిరుపతి.